కాలిలో రక్తం గడ్డకట్టినవారు నడవవచ్చా?

మన గుడికి వచ్చే పెద్దలలో కొందరికి ఇదివరకు కాలి సిరలో రక్తం గడ్డకట్టింది. డాక్టర్లు దీన్ని డీవీటీ అంటారు. మందులతో ఇంటికి వచ్చాక వారిని వేధించే ప్రశ్న ఒకటే: నడిస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరుతుందేమో? ఆ భయంతో ప్రదక్షిణలు కూడా మానేసినవారున్నారు.

ఈ భయం ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు డాక్టర్లే మంచం దిగవద్దనేవారు. తరువాత, రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతూ తొందరగా నడక మొదలుపెట్టినవారిని, మంచాన ఉన్నవారితో పోల్చి చూశారు. నడిచినవారికి ఊపిరితిత్తుల ముప్పు పెరగలేదు. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ వైద్యురాలు సూసన్ కాన్, మరి ఇద్దరు 2008లో ఇలాంటి అధ్యయనాలను సమీక్షించి ఈ సంగతే చెప్పారు.

నడిచేటప్పుడు పిక్క కండరం సిరలను పిండి రక్తాన్ని గుండె వైపు ఎక్కిస్తుంది. సిరల్లోని కవాటాలు దాన్ని వెనక్కి జారనివ్వవు. గంటల తరబడి కూర్చుంటే ఆ పని మందగించి రక్తం నిలుస్తుంది. నిలిచిన రక్తం గడ్డకట్టడం తేలిక. శ్రమ చేసేటప్పుడు రక్తనాళాల గోడలు గడ్డను కరిగించే పదార్థాన్ని కూడా విడుదల చేస్తాయి. అయితే అలవాటు లేనివారు ఒక్కసారిగా రొప్పేంత శ్రమ పడితే, గడ్డకట్టే గుణం కూడా కాసేపు పెరుగుతుంది. అందుకే నిదానంగా మొదలుపెట్టి పెంచుకోవాలి.

నడక మందుకు బదులు కాదు. మందు గడ్డను పెరగనివ్వదు. ఉన్నదాన్ని శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. ఏకాదశి ఉపవాసమని మాత్ర మానకండి. కొన్ని మాత్రలు భోజనంతోనే వేసుకోవాలి కనుక ఉపవాసానికి ముందే డాక్టరును అడగండి.

డాక్టరు సరేనన్నాక, రోజూ పది నిమిషాలతో మొదలుపెట్టవచ్చు. ఎండ ఉంటే స్టాన్లీ పార్క్ సముద్రపు గట్టు, వాన పడితే మెట్రోటౌన్ మాల్ ఉన్నాయి. వ్రతానికి పీటల మీద కూర్చున్నా మధ్యలో లేచి నాలుగడుగులు వేయండి. నాలుగు గంటలు మించిన ప్రయాణం గడ్డకట్టే ముప్పును దాదాపు రెట్టింపు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. వాంకూవర్ నుంచి హైదరాబాదుకు 20 గంటలు దాటుతుంది. ఇదివరకు గడ్డకట్టినవారు టికెట్టు కొనేముందే డాక్టరుతో మాట్లాడాలి. విమానంలో గంటకోసారి లేవండి, పాదాలు ఆడించండి, నీళ్ళు తాగండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఒక కాలే వాచి నొప్పి పెడితే, ప్రయాణ బడలిక అనుకుని ఊరుకోవద్దు. అదే రోజు డాక్టరుకు చూపించండి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే వెంటనే 911కు ఫోన్ చేయండి. ఈ మందులు వాడేవారు పడి తలకు దెబ్బ తగిలితే, పైకి బాగానే ఉన్నా ఆసుపత్రికి వెళ్ళాలి. అత్యవసరం కాని సందేహాలకు 811లో నర్సు పగలూ రాత్రీ మాట్లాడతారు.

భయపడి కూర్చున్నవారు మీ ఇంట్లో ఉంటే ఈ పేజీ చదివి వినిపించండి. మళ్ళీ మన గుడి చుట్టూ నాలుగు ప్రదక్షిణలు చేసేలా వారిని తీసుకురండి.