మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు వాడే యాంటీబయాటిక్ మందుల దుష్ఫలితాలు

మూత్రపిండాలు, మూత్రనాళాలు, మూత్రాశయం, ప్రసేకం అనే భాగాలలో దేనికైనా బాక్టీరియా సోకడాన్ని మూత్రనాళ ఇన్ఫెక్షన్ అంటారు. దీని చికిత్సకు వాడే సూక్ష్మజీవనాశక మందులు (యాంటీబయాటిక్‌లు) రోగాన్ని తగ్గించడంతో పాటు శరీరంలోని ఇతర భాగాలపై కలిగించే అవాంఛిత మార్పులను దుష్ఫలితాలు అంటారు. వీటిలో అధిక భాగం వికారం, విరేచనాలు వంటి స్వల్ప బాధలు. కొన్ని మాత్రం అరుదైనవైనా ప్రాణాంతకమైనవి. ఏ మందుకు ఏ ప్రమాదం ఉన్నదో, ఎవరికి ఆ ప్రమాదం ఎక్కువో ముందుగా తెలిసినచో చాలా వరకు నివారించవచ్చును.

నేపథ్యం

ఈ వ్యాధికి ముఖ్య కారణం ఎశ్చరీషియా కోలై అనే బాక్టీరియా. ఇది మనిషి ప్రేగులలో సహజంగా నివసించేదే. స్త్రీలలో ప్రసేకం పొడవు సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే గనుక ఈ బాక్టీరియా మూత్రాశయానికి సులభంగా చేరుతుంది. స్త్రీలలో సుమారు సగం మందికి జీవితకాలంలో ఒకసారైనా ఈ వ్యాధి వస్తుంది.

పల్నాడు జిల్లా (2022 ఏప్రిల్‌కు ముందు గుంటూరు జిల్లా) లోని దాచేపల్లి, పిడుగురాళ్ళ, గురజాల ప్రాంతాలు పత్తి, మిరప పండే మెట్ట భూములు. పత్తితీతకు, మిరపకోతకు వెళ్ళే స్త్రీలు ఉదయం నుండి సాయంత్రం వరకు చేలలోనే ఉంటారు. అక్కడ మరుగుదొడ్లు ఉండవు. మూత్రవిసర్జనకు మరుగు దొరకదని నీళ్ళు తక్కువగా త్రాగడం, వచ్చిన మూత్రాన్ని ఆపుకోవడం జరుగుతుంది. ఈ రెండూ వ్యాధికి అనుకూలించేవే. మిరపకోత ఎండలు ముదిరే నెలల వరకు సాగుతుంది కనుక చెమట రూపంలో నీరు పోయి మూత్రం మరింత చిక్కబడుతుంది. మూత్రంలో మంట పుట్టినపుడు "వేడి చేసింది" అని చెప్పుకొని మజ్జిగ, బార్లీ నీళ్ళు త్రాగడం పల్లెలలో వాడుక. అది హాని లేని ఉపచారమే, కాని బాక్టీరియా సోకినపుడు అది ఒక్కటే చాలదు. తగ్గకపోతే మందుల షాపులో గాని ఆర్.ఎం.పి. వద్ద గాని రెండు మూడు బిళ్ళలు తీసుకోవడం తరువాతి మెట్టు. దుష్ఫలితాల సమస్య మొదలయ్యేది ఇక్కడే. రోగికి వేరే జబ్బులు ఉన్నవా, ఇతర మందులు వాడుతున్నదా, గర్భవతియా అనే ప్రశ్నలు అడగకుండానే మందు చేతికి వస్తుంది.

నైట్రోఫ్యురాంటోయిన్

1953 నుండి వాడుకలో ఉన్న ఈ మందు రక్తంలో ఎక్కువగా నిలువ ఉండక మూత్రంలోనికి చేరి అక్కడ పని చేస్తుంది. అందుచేత మూత్రాశయపు ఇన్ఫెక్షన్‌కు మంచిది, మూత్రపిండానికి ప్రాకిన ఇన్ఫెక్షన్‌కు పనికిరాదు. మూత్రం ముదురు పసుపు లేక గోధుమ రంగులోనికి మారుతుంది. దీనిని చూసి రక్తం పడుతున్నదని భయపడి మందు మానివేసేవారు ఉన్నారు గాని ఈ రంగు వలన హాని లేదు. వికారం, వాంతి ఎక్కువగా కనిపించే బాధలు. భోజనంతో పాటు మ్రింగితే ఇవి తగ్గుతాయి.

అరుదుగా ఊపిరితిత్తులకు హాని కలుగుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులలో జ్వరం, పొడి దగ్గు, ఆయాసం వస్తే దానిని జలుబుగా తీసివేయరాదు. మందు ఆపితే సాధారణంగా నయమవుతుంది. మళ్ళీ మళ్ళీ వచ్చే ఇన్ఫెక్షన్‌ను ఆపడానికి నెలల తరబడి వాడేవారిలో ఇదే హాని నిదానంగా ఏర్పడి ఊపిరితిత్తులు గట్టిపడే అవకాశం ఉన్నది. కాళ్ళు చేతుల తిమ్మిర్లు (నరాల దెబ్బ) మధుమేహులలో, మూత్రపిండాల పనితీరు తగ్గినవారిలో ఎక్కువ. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి ఈ మందు ఇవ్వరు. ఎందుకనగా అది మూత్రంలోనికి చేరదు, రక్తంలో పేరుకుంటుంది. అనగా ఫలితం పోయి హాని మాత్రమే మిగులుతుంది. కాన్పు దగ్గరపడిన గర్భిణులకు కూడ దీనిని ఇవ్వరు.

కోట్రైమోక్సజోల్

సల్ఫామీథోక్సజోల్, ట్రైమెథోప్రిమ్ అనే రెండు మందుల మిశ్రమం ఇది. సెప్ట్రాన్, బాక్ట్రిమ్ అనే పేర్లతో పాత తరం వారికి బాగా తెలిసినది. ఇది పనిచేసే తీరును గ్రహించడానికి ఫోలిక్ ఆమ్లం గురించి తెలుసుకోవాలి. జీవకణాలు విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. మనిషి దీనిని ఆకుకూరలు మొదలైన ఆహారం నుండి పొందుతాడు. బాక్టీరియా మాత్రం తనకు కావలసినది తానే తయారు చేసుకుంటుంది. ఆ తయారీలో ఒక మెట్టును సల్ఫా మందు, తరువాతి మెట్టును ట్రైమెథోప్రిమ్ అడ్డుకుంటాయి. అందుచేత బాక్టీరియా పెరుగుదల ఆగిపోతుంది, మనిషి కణాలకు పెద్దగా నష్టం ఉండదు. అమెరికాలోని లెడర్లీ సంస్థలో 1940 దశకంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినది భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948). టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడ ఆయన ఆధ్వర్యంలోని పరిశోధనశాలలోనే వెలువడినది. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాలలో ఇంకా విరివిగా కనిపించవలసి ఉన్నది.

మనిషికి నష్టం "పెద్దగా" ఉండదే గాని అసలు ఉండదని కాదు. ఆహారంలో ఫోలిక్ ఆమ్లం కొరవడినవారిలో రక్తకణాలు తగ్గవచ్చును. గర్భం తొలి మూడు నెలలలో ఈ మందు వాడితే శిశువు వెన్నెముక, మెదడు ఏర్పడే ప్రక్రియ దెబ్బతినే ప్రమాదం ఉన్నది. రక్తపోటుకు ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మందులు వాడే వృద్ధులలో ఇది రక్తంలోని పొటాషియంను పెంచి గుండె లయను తప్పించగలదు. ఈ ప్రమాదం బయటకు కనిపించదు, రక్తపరీక్షలో మాత్రమే తెలుస్తుంది.

సల్ఫా మందుల వలన కలిగే అతి తీవ్రమైన దుష్ఫలితం స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్. జ్వరం, కళ్ళ మంట, నోటిలో పుండ్లు, పిమ్మట ఒంటిపై ఎర్రని మచ్చలు, బొబ్బలు వచ్చి చర్మం పొరలుగా ఊడిపోతుంది. చాలా అరుదు. కాని వచ్చినపుడు ప్రాణానికే ముప్పు. సాధారణంగా మందు మొదలుపెట్టిన మొదటి కొన్ని వారాలలో వస్తుంది కనుక, నోరు పూయడంతో పాటు దద్దుర్లు కనబడితే మరొక మాత్ర వేసుకొనక వెంటనే ఆసుపత్రికి చేరాలి. ఒకసారి వచ్చినవారు జీవితంలో మరల ఆ మందు వాడరాదు. ఆ మందు పేరును కాగితంపై వ్రాసి దగ్గర ఉంచుకోవడం మేలు. తెల్లమాత్ర పడలేదు అని చెప్తే ఏ వైద్యుడికీ ప్రయోజనం లేదు.

ఫ్లోరోక్వినోలోన్లు

నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ ఈ వర్గంలోనివి. ఆంధ్ర ప్రదేశ్ పల్లెలలో విరేచనాలకు, జ్వరానికి, మూత్రంలో మంటకు కూడ ఇవే బిళ్ళలు తీసుకోవడం కద్దు. వీటి దుష్ఫలితాల పట్టిక కాలక్రమేణా పెరుగుతూ వచ్చినది. టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు వంటి భాగం) వాచి తెగిపోయే ప్రమాదం గురించి అమెరికా ఆహార ఔషధ సంస్థ 2008లో మందు సమాచార పత్రంలో గడి కట్టిన ప్రత్యేక హెచ్చరికను చేర్చవలెనని ఆదేశించినది. 2016లో, ఇతర మందులు అందుబాటులో ఉన్నచో సామాన్య మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు వీటిని వాడరాదని సూచించినది. 2018లో రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం, మానసిక గందరగోళం, బృహద్ధమని చీలిక గురించి హెచ్చరికలు చేర్చినది.

టెండన్ ప్రమాదం మడమ వెనుక భాగంలో ఎక్కువ. 60 ఏళ్ళు దాటినవారికి, ఉబ్బసం వంటి జబ్బులకు స్టెరాయిడ్లు వాడేవారికి ఇంకా ఎక్కువ. మిర్చి టిక్కీలు మోసే కూలీకి మడమ నొప్పి వస్తే అది బరువు వలన అనే అనుకుంటాడు, సిప్రోఫ్లాక్సాసిన్ గుర్తుకు రాదు. నొప్పి మొదలైన వెంటనే మందు ఆపి, కాలికి విశ్రాంతి ఇచ్చి వైద్యునికి చూపించాలి. ఈ మందులు వాడేవారికి ఎండ పొడ కూడ తగులుతుంది. ఎండకు చర్మం మామూలు కంటె త్వరగా కమిలిపోతుంది. మిరప కల్లాలలో రోజంతా పనిచేసేవారు ఈ విషయం గమనించవలెను. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి మధుమేహ మాత్రలు వాడేవారికి చెమటలు పట్టి, వణుకు వచ్చి స్పృహ తప్పవచ్చును. దీనిని ఎండదెబ్బగా పొరబడే వీలున్నది.

పాలు, పెరుగు, కాల్షియం, ఇనుము మాత్రలు, కడుపులో మంటకు వాడే యాంటాసిడ్ ద్రవాలు సిప్రోఫ్లాక్సాసిన్‌ను, నార్‌ఫ్లాక్సాసిన్‌ను ప్రేగులలో పట్టివేసి రక్తంలోనికి చేరకుండా చేస్తాయి. మందు పాలతో మ్రింగించే అలవాటు ఇక్కడ పనికిరాదు. రెండింటి మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి.

ఇతర మందులు

ఫాస్ఫోమైసిన్ 3 గ్రాముల పొడిని నీటిలో కలిపి ఒకే ఒక మోతాదుగా త్రాగుతారు. విరేచనాలు, తలనొప్పి తప్ప సాధారణంగా పెద్ద బాధలు ఉండవు. సెఫిక్సిమ్, అమాక్సిసిలిన్-క్లావులనిక్ ఆమ్లం వంటివి ప్రేగులలోని మేలుచేసే బాక్టీరియాను కూడ చంపుతాయి. విరేచనాలు, స్త్రీలలో జననేంద్రియం వద్ద దురద, తెల్లని స్రావం (కాండిడా అనే శిలీంధ్రం వలన) కలుగుతాయి. మంట తగ్గినది గాని దురద వచ్చినది అంటే రోగం ముదిరినదని కాదు, అది మందు చేసిన పని. పెన్సిలిన్ పడనివారికి అమాక్సిసిలిన్ ఇవ్వరాదు. మందు మానిన కొన్ని వారాల తరువాత కూడ క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బాక్టీరియా వలన తీవ్రమైన విరేచనాలు రావచ్చును. ఇది దాదాపు ఏ యాంటీబయాటిక్ వలననైనా సంభవం.

జెంటామైసిన్, అమికాసిన్ సూదిమందులు ఆసుపత్రిలో, తీవ్రమైన ఇన్ఫెక్షన్లకు ఇచ్చేవి. ఇవి మూత్రపిండాలను, లోపలి చెవిని దెబ్బతీయగలవు. మూత్రపిండాలు తరచు కోలుకుంటాయి, పోయిన వినికిడి మాత్రం సాధారణంగా తిరిగి రాదు.

జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో లోపించినవారిలో నైట్రోఫ్యురాంటోయిన్, సల్ఫా మందులు ఎర్ర రక్తకణాలను పగులగొట్టగలవు. కళ్ళు పచ్చబడడం, మూత్రం నల్లని టీ రంగులో రావడం దీని లక్షణాలు. ఈ రంగును పైన చెప్పిన హాని లేని గోధుమ రంగుతో పొరబడకుండా ఉండడానికి ఆయాసం, నీరసం, పాలిపోవడం తోడైనవా అని చూడవలెను.

అవసరం లేని చికిత్స

మూత్రపరీక్షలో బాక్టీరియా కనిపించినంత మాత్రాన మందు అవసరం లేదు. మంట, జ్వరం, నొప్పి ఏవీ లేని వృద్ధులలో, మధుమేహులలో, గొట్టం (క్యాథెటర్) అమర్చినవారిలో బాక్టీరియా ఉండడం సాధారణం. గర్భిణులకు, మూత్రమార్గపు శస్త్రచికిత్సకు ముందు తప్ప ఇట్టివారికి సాధారణంగా చికిత్స చేయరు. చేస్తే దుష్ఫలితాలే తప్ప లాభం లేదు.

నిరోధక శక్తి

సగంలో ఆపిన మందులు, అనవసరంగా వాడిన మందులు బాక్టీరియాకు నిరోధక శక్తిని నేర్పుతాయి. ఇది రోగి ఒంటికే పరిమితం కాని దుష్ఫలితం. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు వద్ద ఔషధ కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుండి బయటకు వచ్చే నీటిని పరీక్షించారు. అందులో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు ప్రకటించారు. ఇది ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే పరిమాణం కంటె ఎక్కువ.

భారత ప్రభుత్వం 2013లో ప్రకటించి 2014 మార్చి 1 నుండి అమలు చేసిన హెచ్1 షెడ్యూలులో సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ వంటివి ఉన్నవి. వీటిని వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. అమ్మినపుడు రోగి పేరు, వైద్యుని పేరు, మందు పరిమాణం విడి రిజిస్టరులో వ్రాసి మూడేళ్ళు భద్రపరచాలి. సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్ పాత హెచ్ షెడ్యూలులోనే ఉన్నవి. వాటికి చీటీ తప్పనిసరి గాని ఈ విడి రిజిస్టరు నియమం లేదు.

దుష్ఫలితాల నమోదు

మందుల దుష్ఫలితాలను నమోదు చేయడానికి 2010లో భారత ఔషధ భద్రతా పర్యవేక్షణ కార్యక్రమం మొదలైనది. ఘాజియాబాదులోని భారత ఫార్మకోపియా కమిషన్ దీనిని నిర్వహిస్తున్నది. వైద్యులే కాక రోగులు, వారి బంధువులు కూడ 1800-180-3024 అనే ఉచిత నంబరుకు ఫోను చేసి తెలుపవచ్చును. మందు పేరు, వాడిన తేదీలు, ఏమి జరిగినదీ చెప్పవలసి ఉంటుంది కనుక ఖాళీ అయిన అట్టను పారవేయకుండా ఉంచుకొనవలెను.