పత్రికా ప్రకటన - వాట్సాప్ కాలంలో

పత్రికా ప్రకటనకు నూరేళ్లు దాటాయి. 1906 అక్టోబరులో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ వద్ద వంతెన మీది నుంచి రైలు నీళ్లలో పడి యాభైమందికి పైగా మరణించారు. రైల్వే కంపెనీ పక్షాన ఐవీ లీ జరిగింది దాచకుండా వ్రాసి పత్రికలకు పంపాడు. ఆధునిక పత్రికా ప్రకటనకు అదే నాంది అంటారు.

అప్పటి నుంచి ప్రకటనకు మొదటి పాఠకుడు సబ్ ఎడిటరే. ముఖ్య అతిథి, వందన సమర్పణ అంటూ మనం రెండు పేజీలు నింపినా, పాపం ఆయన నాలుగు వాక్యాలకు కుదించేవాడు; "రేపు" అని వ్రాస్తే తేదీ వేసేవాడు. ఇప్పుడు మన యూనియన్ ప్రకటన వాట్సాప్‌లో తిన్నగా జనం చేతికే పోతోంది. దిద్దే నాథుడు లేడు.

ఎవరికో రక్తం కావలసి వచ్చిందనుకోండి. "అర్జంటు! రేపే ఆపరేషన్. ఓ నెగటివ్ కావాలి" అని పెడతాం. ఏ ఊరు? ఏ ఆసుపత్రి? ఏ తేదీ? ఒకప్పుడు గోడల మీద వ్రాసిన "ఓ స్త్రీ రేపు రా" మాదిరి ఆ "రేపు" ఎన్నటికీ పాతబడదు. రోగి ఇంటికి పోయిన ఆరు నెలలకు కూడా ఫోన్లు మోగుతూనే ఉంటాయి. తర్వాత నిజంగా అవసరమైనవాడు అడిగితే ఎవరూ నమ్మరు.

కాబట్టి ఎవరు, ఏమి, ఎక్కడ, సంవత్సరంతో సహా ఎప్పుడు - ఇవి మొదటి రెండు వాక్యాల్లోనే రావాలి. ఫొటో మీద కూడా తేదీ వేయండి, ఒక్కోసారి బొమ్మ ఒక్కటే ఫార్వర్డ్ అవుతుంది. రక్తం దొరికాక "దొరికింది, ఇక ఫోన్ చేయకండి" అని మళ్లీ అన్ని గ్రూపుల్లోనూ పెట్టాలి. ఈ రెండో ప్రకటన వ్రాసేవాళ్లు మాత్రం బహు అరుదు!