దగ్గడానికీ కండబలం కావాలి

నంబులపూలకుంట వైపు ఎవరికైనా చేతిపట్టు సడలి, కాలు ఈడ్చుకుంటూ నడవడం మొదలైతే ముందు కదిరి, తర్వాత అనంతపురమో తిరుపతో, చివరికి బెంగళూరు నిమ్హాన్స్. పరీక్షలన్నీ అయ్యాక కొందరి కాగితాల మీద ‘మోటార్ న్యూరాన్ డిసీజ్’ అని రాసి ఇస్తారు. నయం చేసే మందు లేదని తెలిశాక ఇంటివాళ్ళు చేతులెప్పుడు పడిపోతాయి, నడక ఎన్నాళ్ళుంటుంది అని అడుగుతారు. ఊపిరి ఎలా ఉంది, దగ్గులో బలం ఎంతుంది అని అడిగేవాళ్ళు తక్కువ. నిజానికి ఈ జబ్బులో వైద్యం ఎక్కువగా చేయగలిగింది అక్కడే.

మెదడు నుంచి, వెన్నుపాము నుంచి కండరాలకు ఆజ్ఞలు మోసే నాడీకణాలు ఒక్కొక్కటే నశించిపోవడం ఈ జబ్బు లక్షణం. ఇందులో ఎక్కువగా కనిపించే ఎ.ఎల్.ఎస్. రకాన్ని 1869లో ఫ్రెంచి వైద్యుడు షార్కో వర్ణించాడు. దక్షిణ భారతంలో ఈ జబ్బుకు ఇంకో రూపం కూడా ఉంది. చిన్న వయసులోనే మొదలై, వినికిడిని కూడా దెబ్బతీసి, నెమ్మదిగా నడిచే ఆ రకాన్ని మద్రాసు వైద్యులు 1970లో గుర్తించారు. ‘మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్’ అన్న పేరు అలా వచ్చింది. 1971 నుంచి 2007 దాకా తమ దగ్గరికి వచ్చిన అలాంటి 116 మంది వివరాలను నిమ్హాన్స్ ప్రచురించింది. ఎ.ఎల్.ఎస్. రోగులు 1,153 మందిని చూసి వాళ్ళే రాసిన మరో పరిశోధనలో జబ్బు మొదలైన సగటు వయసు 46 ఏళ్ళు. పశ్చిమ దేశాల్లో కంటే ఇది బాగా తక్కువ. జబ్బు నడక కూడా అక్కడికంటే నిదానంగా కనిపించింది. అంటే ఇల్లు నడిపే వయసులో జబ్బున పడినవాళ్ళు చాలా ఏళ్ళు ఊపిరిని కాపాడుకుంటూ బతకాలి.

ఈ జబ్బులో ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి. వాటిని ఆడించే ఉదరవితానం (డయాఫ్రమ్), పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు నీరసిస్తాయి. ఎక్కువమంది ప్రాణాలు పోయేది ఇందువల్లే.

దగ్గును మనం జబ్బు గుర్తుగా చూస్తాం గానీ అది శరీరానికి కాపలా. ముందు ఛాతీ నిండా గాలి పీలుస్తాం. స్వరతంత్రులు సుమారు 0.2 సెకను గట్టిగా మూసుకుంటాయి. అదే సమయంలో పొట్ట కండరాలు బిగుసుకుని లోపల ఒత్తిడి పెంచుతాయి. ఆ తలుపు తెరుచుకోగానే గాలి ఒక్క ఊపున బయటికి వచ్చి గల్లను మోసుకొస్తుంది. ఈ మూడింటిలో ఏది తగ్గినా గల్ల లోపలే నిలిచిపోతుంది, మామూలు జలుబు కూడా న్యుమోనియాగా మారుతుంది.

దగ్గు బలాన్ని కొలవడం కష్టమేమీ కాదు. ఉబ్బసం రోగులు ఊదే పీక్ ఫ్లో మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. దానికి మాస్కు తగిలించి గట్టిగా దగ్గిస్తే చాలు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో నిమిషానికి 360 లీటర్ల పైనే చూపిస్తుంది. 270 కంటే తగ్గితే జలుబు చేసినప్పుడు ప్రమాదం. 160 కంటే తగ్గితే గల్లను సొంతంగా తెంచుకోవడం దాదాపు అసాధ్యం.

అలాంటప్పుడు చేయాల్సింది ఇంట్లోవాళ్ళే నేర్చుకోవచ్చు. రోగిని నిటారుగా కూర్చోబెట్టి గాలి పీల్చమంటారు. వదలకుండా దాని మీద మరికొంత, మళ్ళీ మరికొంత. సొంతంగా పీల్చలేకపోతే చేత్తో నొక్కి గాలి పంపే యాంబూ బ్యాగుకు వన్‌వే వాల్వు బిగించి, మాస్కుతో ముక్కూ నోరూ కప్పి, రోగి పీల్చే ప్రయత్నంతో పాటే నొక్కుతారు. మూడు నాలుగు నొక్కులకు ఛాతీ పైకి లేస్తుంది. అప్పుడు అరచేతులు బొడ్డుకు పైన, పక్కటెముకల కింద ఆనించి, దగ్గే క్షణంలోనే లోపలికీ పైకీ ఒక్క తోపు తోయాలి. “నాయనా, బిగబట్టు... ఇంగొంచెం... ఊ, ఇప్పుడు దగ్గు” అని కూతురు చెప్పే మాటకూ ఆమె చేతి తోపుకూ లంకె కుదరాలి. తోపు ముందుపడినా వెనకబడినా గాలి వృథా. భోజనం చేసిన గంటన్నర దాకా ఇది చేయకూడదు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే న్యూమోథొరాక్స్ గతంలో వచ్చి ఉంటే అసలు చేయకూడదు. ఫిజియోథెరపిస్టు ఎదుట చేసి చూపించి, సరే అనిపించుకున్నాకే ఇంట్లో మొదలుపెట్టాలి.

చేతులు చాలని దశలో కాఫ్ అసిస్ట్ యంత్రం ఉంది. గాలిని ఒత్తిడితో లోపలికి పంపి, వెంటనే బయటికి లాగేస్తుంది. 1950ల్లో పోలియో రోగుల కోసం వచ్చిన ఆలోచన ఇది. నోరు, గొంతు కండరాలు బాగా దెబ్బతిన్నవాళ్ళలో మాత్రం అంతగా పనిచేయదు.

పగటి కంటే ముందు రాత్రి ఊపిరి చెడుతుంది. పొద్దున లేవగానే తలనొప్పి, పగలు కునుకుపాట్లు, వెల్లకిలా పడుకోలేక దిండ్లు పెంచుకుంటూ పోవడం, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగడం దాని గుర్తులు. ఈ దశలో మాస్కుతో రాత్రిపూట ఊపిరికి తోడు పట్టే బైపాప్ మొదలుపెట్టాలి. ఇంగ్లండులో 41 మందితో చేసి 2006లో ప్రచురించిన ప్రయోగంలో, గొంతు కండరాలు మరీ చెడనివాళ్ళకు దీనివల్ల ఆయుష్షు 205 రోజులు పెరిగింది, నిద్రా బతుకూ బాగుపడ్డాయి. ఈ జబ్బుకు వాడే రిలుజోల్ మాత్ర పెంచే ఆయుష్షు రెండు మూడు నెలలే. ఉదరవితానానికి కరెంటు తీగలు అమర్చే పేసింగ్ మీద చాలా ఆశలుండేవి గానీ, 2015లో వెలువడిన బ్రిటిష్ ప్రయోగంలో అది మేలుకు బదులు కీడే చేసింది.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది ఆక్సిజన్ సంగతి. ఆయాసం అనగానే సిలిండరు పెట్టేస్తారు. ఈ రోగికి కొరత ఆక్సిజన్ కాదు, గాలిని ఆడించే బలం. వట్టి ఆక్సిజన్ ఇస్తే కోవిడ్ కాలంలో ఇంటింటికీ చేరిన ఆక్సీమీటరు మీద అంకె బాగానే ఉంటుంది, లోపల మాత్రం కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మనిషి మగతలోకి జారిపోవచ్చు. ఆ సంగతి తేల్చేది ధమని నుంచి తీసే రక్త పరీక్ష. ఆక్సిజన్ అవసరమైనా బైపాప్ తోడుగా, డాక్టరు కొలిచి ఇవ్వాల్సిందే.

ఇక ఈ యంత్రాలకు కావలసిన కరెంటు. నంబులపూలకుంటలో 2016 నాటికే ఎన్టీపీసీ 250 మెగావాట్ల సౌరవిద్యుత్తు తీస్తోంది. అయినా అదంతా గ్రిడ్డుకే పోతుంది, ఇంట్లో కరెంటు పోతే యంత్రం ఆగిపోతుంది కాబట్టి బైపాప్ ఉన్న ఇంట్లో ఇన్వర్టరు తప్పదు, దాంతోపాటు యాంబూ బ్యాగు చేతికందేంత దూరంలో ఉండాలి.

ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు దగ్గు బలం, పడుకున్నప్పటి ఊపిరి సామర్థ్యం కొలిపించుకోండి. మూడు నెలలకోసారి మళ్ళీ కొలవమనండి. ‘మోటార్ న్యూరాన్ జబ్బు, బైపాప్ లేకుండా ఆక్సిజన్ ఒక్కటే ఇవ్వొద్దు’ అని డాక్టరుతో చీటీ రాయించుకుని జేబులో పెట్టుకోండి. అర్ధరాత్రి ఏ ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చినా డ్యూటీ డాక్టరుకు ముందు ఆ చీటీ ఇవ్వండి.