అద్దాలు తుడిచే బాబాయ్

ఆర్మీలో బాబాయ్ తుపాకీ పేలుస్తాడని చిన్నప్పుడు అనుకునేవాణ్ని. ఆయన చేతిలో ఉండేది స్క్రూడ్రైవరట! ఈఎంఈ కోర్‌లో టెక్నీషియన్. ట్యాంకు సైట్లు, బైనాక్యులర్లు బాగుచేయడం ఆయన పని. 1943లో మొదలైన ఆ కోర్‌కి మన సికింద్రాబాద్‌లోనే పెద్ద కాలేజీ ఉంది.

రిటైరై వచ్చాక రెజ్యూమె రాసిపెట్టమన్నాడు. 'ఏం చేసేవాడివి బాబాయ్?' అంటే, 'అద్దాలు తుడిచేవాణ్నిరా' అని నవ్వాడు.

గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. లోపల తేమ చేరితే లెన్సుకి బూజు పడుతుంది. అందుకే గాలి తీసేసి, పొడి నైట్రోజన్ నింపి సీలు వేస్తారు. సైటు చూపే చోటు, ఫిరంగి గొట్టం చూపే చోటు ఒక్కటవ్వాలి. 1 మిల్లీరేడియన్ తేడా వచ్చినా 2 కిలోమీటర్ల దూరంలో గురి 2 మీటర్లు తప్పుతుంది. పైగా స్టోరు లెక్కలు. ఒక్క బైనాక్యులర్ తగ్గినా జవాబు చెప్పాల్సింది ఆయనే.

నా కోడ్‌లో బగ్ వస్తే రోల్‌బ్యాక్ చేసేస్తా. ఆయనకా ఛాన్స్ లేదు.

'ప్రెసిషన్ ఆప్టిక్స్, కాలిబ్రేషన్, ఇన్వెంటరీ మేనేజ్‌మెంట్' అని రాసి చూపించా. 'ఇదంతా నేనేనా?' అన్నాడు.

ఇప్పటిదాకా రెండు కాల్స్ వచ్చాయి. రెండూ సెక్యూరిటీ గార్డు ఉద్యోగానికే.