వేళ్లు దరువు వేస్తుంటే మణికట్టు మొర పెట్టుకుంటే

కృష్ణ ఒడ్డున బీచుపల్లి ఆంజనేయస్వామి గుడికి వెళ్లినప్పుడు ఒక కుర్రవాడు మెట్ల మీద కూర్చుని, ఒళ్లో సెల్‌ఫోను పెట్టుకుని, అద్దం మీద వేళ్లతో దరువు వేస్తున్నాడు. భజనలో డోలక్ వాయించాలని వాడి కోరిక. నేర్పేవారు లేరు, యాప్ ఉంది. తెర మీద గళ్లు, గడికొక చప్పుడు. రోజుకు మూడు గంటలు సాధన.

నేను డాక్టరునని తెలిసి వాళ్లమ్మ దగ్గరకొచ్చింది. "సారూ, రాత్రి నిద్రల చెయ్యి తిమ్మిరెక్కి లేస్తుండు. నరాల బలహీనతని బలం గోలీలు తెచ్చి ఏస్తున్న."

నరాల బలహీనత! మన ఇళ్లలో ఈ మాటకున్న గిరాకీ మరే జబ్బుకూ లేదు.

"ఏ వేళ్లు బాబూ?" అని అడిగాను. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. చెయ్యి విదిలిస్తే తగ్గుతుందట. సగం రోగం అక్కడే తెలిసిపోయింది. వేళ్లలో కండలుండవు. వాటిని ఆడించే కండలు అరచేతిలోనూ ముంజేతిలోనూ ఉంటాయి. ముంజేతి నుంచి వచ్చే తొమ్మిది స్నాయువులు, అంటే తాళ్లవంటివి, మణికట్టులోని ఇరుకు సందులోంచి వేళ్లకు చేరుతాయి. వాటి పక్కనే ఒక నరం కూడా దూరుతుంది. మణికట్టు వంచి గంటల తరబడి వేళ్లాడిస్తే సందులో ఒత్తిడి పెరిగి నరం నలుగుతుంది. దీన్నే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. చిటికెనవేలు తిమ్మిరెక్కితే అది వేరే నరం. మోచేతి దగ్గర వెతకాలి. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారికీ, గర్భిణీలకూ దరువు వెయ్యకుండానే ఈ బాధ రావచ్చు.

డోలక్ తోలు కాస్త లొంగి వేలిని పైకి లేపుతుంది. అద్దం లొంగదు. పైగా చాలా ఫోన్లలో గట్టిగా కొట్టినా చప్పుడు పెరగదు, తాకితే చాలు. ఫోను ఒళ్లో కాదు, బల్ల మీద ఉండాలి. మణికట్టు నిటారుగా ఉంచాలి. ఇరవై నిమిషాలకొకసారి చేతికి విరామమివ్వాలి. వేగం నిమిషానికి 60 దెబ్బలతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. నొప్పి వస్తే ఆపాలి. నొప్పి భరిస్తే విద్య వస్తుందనేది వట్టిమాట. తాళం తప్పితే యాప్ చెబుతుంది గాని, చెయ్యి అలసితే చెప్పదు.

చెవుల్లో ఇయర్‌ఫోన్ల సంగతీ చూసుకోండి. 80 డెసిబెళ్ల చప్పుడు వారానికి 40 గంటలు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

కుర్రవాడికి రెండు వారాలు సాధన మాన్పించి, రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ వేసుకోమన్నాను. అంతలో విద్య మరచిపోతానని వాడి దిగులు. మృదంగం నేర్చేవారు జతులు ముందు నోటితోనే పలుకుతారు గదా, నువ్వూ నోటితో పలుకు అన్నాను. అప్పటికీ తగ్గకపోయినా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా, బొటనవేలి మొదట్లో కండ తగ్గినట్లు కనిపించినా ఆలస్యం చెయ్యకుండా నరాల పరీక్ష చేయించాలి.

"మరి గోలీలు సారూ?"

రక్తపరీక్షలో బి12 లోపం కనిపిస్తేనే వెయ్యమ్మా, అన్నాను. ఆవిడ చీటీ మడిచి కొంగున ముడివేసుకుంది. కుర్రవాడు అప్పుడే నోటితో మొదలుపెట్టేశాడు.