‘మేకప్’ ముఖానికే కాదు!

మేకప్ అనగానే మనకు అద్దం, పౌడరు, రంగులు గుర్తొస్తాయి. ఇంగ్లిషులో ‘మేక్ అప్’ అనే జంట క్రియ చేసే పనులు అంతకన్నా చాలా ఎక్కువ. వాటిలో కొన్ని విశేషాలు...

● కల్పన, రాజీ, నిర్ణయం
‘మేడ్ అప్ ఎ స్టోరీ’ అంటే లేని కథ అల్లాడని. ‘మేడ్ అప్ విత్ హిజ్ బ్రదర్’ అంటే అన్నదమ్ములు గొడవ మాని మళ్లీ ఒకటయ్యారని. ‘మేడ్ అప్ హర్ మైండ్’ అంటే ఆమె ఒక నిర్ణయానికి వచ్చిందని. పదకొండు మంది కలిస్తే క్రికెట్ జట్టు అవుతుందని చెప్పాలన్నా ఈ క్రియే వాడతారు. డాక్టరు చీటీ చూసి మందు కలిపి ఇవ్వడం, అతిథికి పక్క వేయడం కూడా దీని పనులే.

● రైలు మేకప్
ఆలస్యంగా బయల్దేరిన బండి వేగం పెంచి పోయిన సమయాన్ని రాబట్టుకుంటే ‘మేకప్ చేసింది’ అని మనవాళ్లూ అంటారు. పెట్టెలను వరుసగా తగిలించి రైలును సిద్ధం చేయడానికీ బ్రిటిష్ రైల్వేవాళ్లు ఈ మాటే వాడారు.

● పరీక్షకూ ఉంది
అమెరికాలో జ్వరం వల్లో మరో కారణంతోనో పరీక్ష రాయలేకపోయిన విద్యార్థికి తర్వాత పెట్టేది ‘మేకప్ ఎగ్జామ్’. వానకు ఆగిన బేస్‌బాల్ ఆటను మరో రోజు ఆడితే అది ‘మేకప్ గేమ్’. చదువుకోసం అక్కడికి వెళ్లే మన పిల్లలకు ముందే తెలియాల్సిన మాట ఇది.

● అచ్చాఫీసులో
అక్షరాలను చేత్తో కూర్చే రోజుల్లో, కంపోజ్ చేసిన మ్యాటరును, బ్లాకులను పేజీగా అమర్చే పని పేరు ‘పేజీ మేకప్’. తెలుగు ప్రెస్సుల్లోనూ అదే పేరు.

● రంగస్థలం నుంచి ఇంట్లోకి
పాత్రకు తగ్గట్టు ముస్తాబు కావడమనే అర్థంలో మేకప్ మొదట నాటకాలవాళ్ల మాట. పోలండ్‌లో పుట్టి 1904లో అమెరికా చేరిన మాక్స్ ఫ్యాక్టర్, సినిమా తారలకు తయారుచేసిన సామగ్రిని అదే పేరుతో మామూలు మహిళలకూ అమ్మారు. అలా అది ఇంటింటి మాటయింది. ఆస్కార్‌లో మేకప్‌కు పోటీ విభాగం 1981 చిత్రాలతో మొదలైంది. తొలి విజేత ‘యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్’కు పనిచేసిన రిక్ బేకర్.

● ఒత్తి పలికే చోటు
నామవాచకమైతే ‘మేక్’ను ఒత్తి పలుకుతారు. క్రియ అయితే ఒత్తు ‘అప్’ మీదికి వెళుతుంది. ‘ఇట్’ లాంటి సర్వనామం వస్తే రెండు ముక్కల నడుమే కూర్చోవాలి. ‘మేడ్ ఇట్ అప్’ సరైనది, ‘మేడ్ అప్ ఇట్’ తప్పు.

● పేరు పెట్టిందెవరు?
ఇలాంటి జంట క్రియలు విదేశీయులను బాగా ఇబ్బంది పెడతాయని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలోనే రాశారు. వీటికి ‘ఫ్రేజల్ వర్బ్’ అనే పేరును ప్రచారంలోకి తెచ్చింది 1925లో వచ్చిన లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకం ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’. ఆ పేరు సూచించిన ఘనత ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీదని స్మిత్ స్వయంగా చెప్పారు.

● మనకూ కొత్త కాదు
‘తిన్నాడు’ వేరు, ‘తినేశాడు’ వేరు. రెండో దాంట్లో ‘వేయు’ చేరగానే పళ్లెం ఖాళీ అయిన భావం వచ్చింది. ‘ఈట్’ పక్కన ‘అప్’ చేసే పని కూడా అదే. ‘డ్రింక్ అప్’ అంటే తాగేయడం, ‘యూజ్ అప్’ అంటే వాడేయడం. పనిని చివరిదాకా తీసుకెళ్లడం ‘అప్’కు ఉన్న ముఖ్యమైన గుణం. ‘మేక్ అప్’లోనూ అది కనిపిస్తుంది: లోటు పూడుతుంది, విడిపోయినవాళ్లు కలుస్తారు, విడి ముక్కలు జట్టో, రైలో, పేజీయో, కథో అవుతాయి. కాబట్టి అర్థాల జాబితా బట్టీ పట్టేకన్నా, క్రియ వెనక నిలిచిన ఆ చిన్న మాటను గమనించండి. ఆ తీగ దొరికితే డొంకంతా కదులుతుంది.