క్రైస్తవ మతంలో పాపం: భావన, ఫలితాలు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- పాపం అనే భావనను క్రైస్తవ దృష్టితో నిర్వచించగలుగుతారు.
- జన్మపాపం గురించిన ముఖ్య వివాదాన్ని వివరించగలుగుతారు.
- పాపానికీ, బాధకూ ఉన్న సంబంధాన్ని చర్చించగలుగుతారు.

1. పరిచయం

'పాపం' మనకు కొత్త మాట కాదు. పాపపుణ్యాల లెక్క గురించి చిన్నప్పటి నుంచి వింటూనే ఉంటాం. కష్టంలో ఉన్నవారిని చూసి 'అయ్యో పాపం' అని జాలిపడతాం. ఈ పరిచయమే విద్యార్థికి ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. తెలుగు బైబిలులోనూ ఇదే మాట ఉంది కాబట్టి అర్థం కూడా అదే అనుకుంటాం. "చేసిన పాపానికి తగిన శిక్ష అనుభవించాలనేది క్రైస్తవ సిద్ధాంతం" అనే వాక్యాన్ని నేను ఎన్నో జవాబు పత్రాల్లో చూశాను. అది పూర్తిగా తప్పు కాదు, కాని అసలు విషయాన్ని వదిలేస్తుంది. క్రైస్తవ దృష్టిలో పాపం ముందుగా తెగిపోయిన సంబంధం. ఆ తరవాతే అది లెక్కకు వచ్చే తప్పు.

2. మూల పదాలు

పాత నిబంధనలో పాపానికి ఎక్కువగా వాడిన హీబ్రూ పదం 'హాతా'. గురి తప్పడం అనేది దీని అర్థాల్లో ఒకటి. న్యాయాధిపతుల గ్రంథంలో వడిసెలతో రాయి విసిరి గురి తప్పని 700 మంది ఎడమచేతి వాటం యోధుల ప్రస్తావన ఉంది. అక్కడ 'తప్పడం' అనే చోట వచ్చే క్రియ ఇదే. కొత్త నిబంధనలోని గ్రీకు పదం 'హమర్తియా'కూ గురి తప్పడం అనే అర్థఛాయ ఉంది. మనిషి గురి దేవుడూ, పొరుగువాడూ. పాపి ఆ గురి తప్పినవాడు.

3. ఆదికాండము కథ

ఆదాము, హవ్వ నిషేధించిన పండు తిన్న కథ మీకు తెలిసే ఉంటుంది. మూడవ అధ్యాయంలోని ఆ కథలో 'పాపం' అనే మాట లేదు. నాల్గవ అధ్యాయంలో, కయీను తన తమ్ముడు హేబెలును చంపడానికి ముందు అది మొదటిసారి వస్తుంది. అయితే మాట రాకముందే పాపం ఫలితాలు కనబడతాయి. దంపతులు దేవుని నుంచి దాక్కుంటారు. ఆదాము నేరాన్ని భార్య మీదికి నెడతాడు, ఆమె సర్పం మీదికి నెడుతుంది. నేల శాపానికి గురై ముళ్లు మొలిపిస్తుంది. అంటే దేవునితో, తోటి మనిషితో, నేలతో ఉన్న మూడు సంబంధాలూ దెబ్బతింటాయి.

4. జన్మపాపం: ఒక వివాదం

ఆదాము తప్పుకు మనమెందుకు బాధ్యులం? ఈ ప్రశ్న మీకు వచ్చి ఉంటే, అయిదవ శతాబ్దంలోనూ ఇదే వచ్చిందని గమనించండి. దేవుడు ఆజ్ఞ ఇచ్చాడంటే దాన్ని పాటించే శక్తి మనిషికి ఉన్నట్లేనని పెలాజియస్ వాదించాడు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్ అగస్టీన్ (354–430) దీన్ని ఖండించాడు. మనిషి సంకల్పమే రోగగ్రస్తమైందనీ, దేవుని కృప లేనిదే అది మంచివైపు తిరగలేదనీ ఆయన వాదన. పదహారేళ్ల వయసులో ఆకలి లేకపోయినా స్నేహితులతో కలిసి బేరిపండ్లు దొంగిలించిన సంఘటనను ఆయన తన ఆత్మకథలో సుదీర్ఘంగా విశ్లేషించుకున్నాడు. తప్పు చేయడమే ఆ దొంగతనంలోని ఆనందమని ఆయన గుర్తించాడు. 418లో కార్తేజ్ సభ పెలాజియస్ బోధను తిరస్కరించింది.

తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు మాత్రం ఆదాము నుంచి మనకు సంక్రమించింది మరణం, బలహీనతలే కాని, ఆయన అపరాధం కాదని బోధిస్తాయి. కాబట్టి 'క్రైస్తవులందరి అభిప్రాయం ఒకటే' అని రాయకండి.

5. బాధ అంతా శిక్షేనా?

పాపానికి ఫలితం మరణమని పౌలు బోధించాడు. ఇక్కడ మరణం అంటే శరీరం పోవడమే కాదు, దేవునికి దూరం కావడం కూడా. అయితే దీన్ని తలకిందులు చేసి, బాధపడేవారంతా పాపం చేసినవారే అనుకోవడం పొరపాటు. పుట్టుగుడ్డిని చూసి, పాపం చేసింది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని శిష్యులు అడిగినప్పుడు, ఇద్దరూ కారని యేసు చెప్పినట్లు యోహాను సువార్తలో ఉంది. సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావారికన్నా ఎక్కువ పాపులు కారని లూకా సువార్త చెబుతుంది. ఈ తేడా తెలియకపోతే రోగి మంచం పక్కన నిలబడి అతని తప్పులు వెతుకుతాం.

6. పరిష్కారం

తెగిన సంబంధాన్ని క్రీస్తు ద్వారా దేవుడే కలిపాడనేది క్రైస్తవ విశ్వాసం. మనిషి వంతు మారుమనస్సు, అంటే మనసు దిశ మార్చుకోవడం. క్షమాపణ దొరికాక బాధ్యత తీరిపోదు. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. దేవునితో సంబంధం కుదిరిందనడానికి, పొరుగువాడితో సంబంధాన్ని సరిచేసుకోవడమే గుర్తు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'హాతా' పదానికున్న అర్థం పాపభావనను అర్థం చేసుకోవడానికి ఎలా తోడ్పడుతుంది?
2. అగస్టీన్, పెలాజియస్‌ల వాదనలను పోల్చండి.
3. 'బాధ పాపానికి రుజువు కాదు.' సువార్తల ఆధారంగా చర్చించండి.